డాలరుకు అర సెంటు పైచిలుకు: శాంటా క్లారా కౌంటీ ఓటర్లను పన్ను ఎలా అడిగింది?

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఇండియన్ స్టోర్ నుంచి సామాను తెచ్చుకున్నప్పుడు బిల్లును ఒకసారి కింది దాకా చదివి చూడండి. సోనా మసూరి బస్తా, కందిపప్పు, వంకాయలు, కరివేపాకు మీద పన్ను ఉండదు. అదే బుట్టలో ఉన్న ప్రెషర్ కుక్కర్ మీద, అగరొత్తుల మీద, కౌంటర్‌లో వేడివేడిగా కట్టించుకున్న సమోసాల మీద ఉంటుంది. సేల్స్ టాక్స్ అనే ఆ పన్ను 2026 ఏప్రిల్ 1 నుంచి 9.125 శాతం కాస్తా 9.75 శాతం అయింది. పక్కనే శాన్ హోజేలో 9.375 నుంచి సరిగ్గా 10కి చేరింది.

ఈ పెంపు వాషింగ్టన్ నుంచి రాలేదు, రాష్ట్ర రాజధాని శాక్రమెంటో నుంచీ రాలేదు. 2025 నవంబర్ 4న, ఈ రెండు ఊళ్లూ ఉన్న శాంటా క్లారా కౌంటీ (మన జిల్లాలాంటిది) ఓటర్లు ‘మెజర్ ఏ’ అనే ప్రశ్నకు దాదాపు 57 శాతం మంది ‘అవును’ అని చెప్పి తమ మీద తామే వేసుకున్న పన్ను ఇది. ఆ రోజుల్లో తెలుగువాళ్ల ఇళ్లలో రెండు సందేహాలు తరచూ వినిపించాయి. పన్ను కావాలన్నది కౌంటీ, ఎన్నిక పెట్టింది కౌంటీ, పన్ను రాకపోతే ఏమవుతుందో ఇంటింటికీ కాగితాలు పంపిందీ కౌంటీయే. అలాంటప్పుడు అది న్యాయమైన ఓటేనా అన్నది మొదటిది. డబ్బంతా ఆసుపత్రులకే అంటున్నారు, చట్టంలో ఆ మాట ఎక్కడుంది అన్నది రెండోది. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. జవాబులు మాత్రం 2025లో దొరకవు. అర్ధ శతాబ్దం వెనక్కి వెళ్లాలి.

బిల్లు మీది శాతం దేంతో తయారైంది

మన దగ్గర వస్తువు మీద ముద్రించిన ఎంఆర్‌పీలోనే పన్ను కలిసి ఉంటుంది. జీఎస్టీ రేటును కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయిస్తుంది. 2025 సెప్టెంబర్‌లో శ్లాబులు తగ్గించినా అంతే, ఓటరును ఎవరూ అడగలేదు. విజయవాడ కార్పొరేషనో వరంగల్ కార్పొరేషనో తన ఊరి వరకూ జీఎస్టీని అర శాతం పెంచుకోవడమన్నది ఊహకే రాదు. కాలిఫోర్నియాలో పద్ధతి వేరు. అల్మరా మీద కనిపించేది పన్ను లేని ధర. బిల్లు దగ్గర కలిపే శాతం మాత్రం ఊరూరికీ మారుతుంది.

రాష్ట్రమంతటికీ కనీస రేటు 7.25 శాతం. అందులో 6 రాష్ట్రం వాటా, మిగిలిన 1.25 స్థానిక ప్రభుత్వాలది. దీని పైన ప్రతి కౌంటీ, ప్రతి నగరం, ప్రతి రవాణా సంస్థ తమ ఓటర్లను అడిగి చిన్న చిన్న పొరలు వేసుకుంటూ పోతాయి. వీటిని డిస్ట్రిక్ట్ టాక్సులు అంటారు. మెజర్ ఏకు ముందు శాంటా క్లారా కౌంటీలో ఉన్న పొరలు చూడండి: రవాణాకు 1976 నాటి అర శాతం, 2000లో ఆమోదించిన మరో అర శాతం, బార్ట్ రైలుకు 2008లో 0.125, కౌంటీ అవసరాలకు 2012లో 0.125, మళ్లీ రవాణాకే 2016లో అర శాతం, కాల్‌ట్రెయిన్ రైలుకు 2020లో 0.125. కలిపితే 1.875. దానికి 7.25 చేర్చితే 9.125. శాన్ హోజే తన సొంతానికి పావు శాతం వేసుకుంది కాబట్టి అక్కడ 9.375. ఇప్పుడు వీటన్నిటి మీద మెజర్ ఏ 0.625 కూర్చుంది. డాలరు కొనుగోలు మీద అర సెంటు పైచిలుకు అన్నమాట, అయిదేళ్ల పాటు.

ఇది జేబుకు ఎంత బరువు? పైన చెప్పిన బుట్టనే తీసుకుందాం. కుక్కర్ 80 డాలర్లు, అగరొత్తులు 4, సమోసాలు 6 అనుకుంటే, పన్ను పడే మొత్తం 90 డాలర్లు. సన్నీవేల్‌లో పాత రేటున పన్ను 8.21 డాలర్లు, కొత్త రేటున 8.78. తేడా 57 సెంట్లు. బియ్యం, పప్పు, కూరలు ఎన్ని కొన్నా తేడా సున్నా. ఇంటి అద్దె, డాక్టరు రాసిన మందులు, పిల్లల ట్యూషన్ ఫీజు మీద సేల్స్ టాక్స్ లేదు. అదే 40,000 డాలర్ల కారు కొంటే అదనంగా 250 డాలర్లు. తక్కువ రేటున్న ఊళ్లో కొని తప్పించుకుందామంటే కుదరదు, ఎందుకంటే కారుకు పన్ను దాన్ని రిజిస్టర్ చేసే చిరునామాను బట్టి పడుతుంది. ఆన్‌లైన్‌లో కొన్నవాటికీ సరుకు దిగే ఇంటి రేటే లెక్క.

అన్నీ వదిలి సేల్స్ టాక్సే ఎందుకు

కౌంటీకి డబ్బు కావాలంటే సంపన్నుల ఆదాయం మీదో, ఖరీదైన ఇళ్ల మీదో వేయవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సిలికాన్ వ్యాలీలో ఆ రెండింటికీ కొదవలేదు. కానీ కాలిఫోర్నియాలో స్థానిక ప్రభుత్వాలు వ్యక్తుల ఆదాయంపై పన్ను వేయకూడదని రాష్ట్ర చట్టమే చెబుతోంది. ఆస్తి పన్నుకు 1978లో ఓటర్లు తెచ్చిన ప్రొపొజిషన్ 13 తాళం వేసింది. మూల రేటు 1 శాతం దాటకూడదు. ఇల్లు చేతులు మారనంత కాలం పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదు. అందుకే ఒకే వీధిలో పక్కపక్కనే ఉన్న ఒకేలాంటి రెండు ఇళ్లలో, ఎనభైలలో కొన్నవాళ్లు కట్టేదానికి నిరుడు కొన్నవాళ్లు కట్టేదానికి పొంతనే ఉండదు.

ఈ రెండు తలుపులూ మూసుకున్నాక కౌంటీ చేతికి అందే పెద్ద పన్ను సేల్స్ టాక్స్ ఒక్కటే. చాలామంది దీన్ని కౌంటీ ఎంచుకున్న మార్గంగా చూస్తారు. నా ఉద్దేశంలో దీన్ని మిగిలిన మార్గం అనడమే సబబు. పన్ను మంచిదా కాదా అన్న చర్చలో ఈ విషయం మరుగున పడితే వాదన దారి తప్పుతుంది.

సగానికి పైనా, మూడింట రెండు వంతులా

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వచ్చాం. కాలిఫోర్నియా చట్టం స్థానిక పన్నులను రెండు జాతులుగా విడదీస్తుంది. జనరల్ టాక్స్ డబ్బు నేరుగా జనరల్ ఫండ్‌లో పడుతుంది, అంటే కౌంటీ ఉమ్మడి ఖజానాలో. ఆసుపత్రికైనా, జైలుకైనా, రోడ్లకైనా వాడుకోవచ్చు. దీనికి ఓటర్లలో సగానికి పైగా ఒప్పుకుంటే చాలు. స్పెషల్ టాక్స్ ఒక నిర్దిష్ట పనికే కట్టుబడి ఉంటుంది, వేరే పనికి వాడితే చట్టవిరుద్ధం. దీనికి మూడింట రెండు వంతుల ఓట్లు, అంటే 66.67 శాతం కావాలి. 1996లో ప్రొపొజిషన్ 218 ఈ నియమాలను రాష్ట్ర రాజ్యాంగంలోకే ఎక్కించింది.

ఇందులోని మెలిక గమనించండి. ఎంత గట్టి హామీ ఇస్తే, గెలవడం అంత కష్టం. డబ్బు ఆసుపత్రులకు తప్ప దేనికీ వాడం అని చట్టంలో రాసిన కౌంటీ 66.67 తెచ్చుకోవాలి. ఏమీ రాయని కౌంటీకి 50 దాటితే చాలు. మెజర్ ఏ జనరల్ టాక్స్. వచ్చింది దాదాపు 57 శాతం. ఆసుపత్రులకే అని రాసి ఉంటే, అవే ఓట్లతో ఓడిపోయేది. బ్యాలెట్ ప్రశ్నలో అత్యవసర వైద్యంలాంటి సేవల పేర్లు ఉండవచ్చు. అవి ఉద్దేశాన్ని చెబుతాయి, చేతులు కట్టవు. కాబట్టి రెండో సందేహానికి జవాబు: చట్టంలో ఆ మాట లేదు. ఉండి ఉంటే పన్నే ఉండేది కాదు.

ఇది ఓటరును మభ్యపెట్టడం అంటారు పన్ను చెల్లింపుదారుల సంఘాలవాళ్లు. కష్టం చెప్పేది ఆసుపత్రి పేరుతో, వసూలు చేసేది ఉమ్మడి ఖజానాకు అన్నది వాళ్ల అభ్యంతరం. సమర్థకుల జవాబు కూడా తేలికైనది కాదు. మూడింట రెండు వంతుల నియమం వల్ల మూడో వంతు కంటే ఒక్క ఓటు ఎక్కువ ఉన్న మైనారిటీ మిగతా అందరినీ ఆపగలదు, అది ప్రజాస్వామ్యానికి ఏం న్యాయం అని వాళ్లు అడుగుతారు. పైగా బడ్జెట్ ప్రతి ఏటా బహిరంగంగానే చర్చకు వస్తుంది, మాట తప్పిన సూపర్‌వైజర్‌ను, అంటే కౌంటీని నడిపే బోర్డులోని ఎన్నికైన సభ్యుణ్ని, వచ్చే ఎన్నికల్లో దించవచ్చు అంటారు.

ముప్పై ఏళ్ల కిందట ఇదే కౌంటీలో

ఈ గొడవ శాంటా క్లారాకు కొత్త కాదు. నిజానికి రాష్ట్రమంతా నేర్చుకున్న కిటుకులు కొన్ని ఇక్కడే పుట్టాయి. 1992లో రోడ్లు, రైళ్ల కోసం అర శాతం పన్ను అడిగితే 54 శాతం మంది అవునన్నారు. అది నిర్దిష్ట పనికి వేసిన పన్ను కాబట్టి మూడింట రెండు వంతులు రావలసిందేనని వ్యాజ్యం నడిచింది. 1995లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ పన్నును కొట్టేసింది. గార్డీనో తీర్పుగా పేరుపడ్డ ఈ కేసు కాలిఫోర్నియా పన్నుల చరిత్రలో పెద్ద మలుపు.

మరుసటి ఏడాదే, 1996లో, కౌంటీలో ఒకే బ్యాలెట్ మీద రెండు ప్రశ్నలు వచ్చాయి. మొదటిది ఫలానా రోడ్లు, ఫలానా రైలు మార్గాలు కావాలా అని అడిగే సలహా ప్రశ్న, దానికి చట్టబద్ధమైన కట్టుబాటు లేదు. రెండోది తొమ్మిదేళ్ల పాటు అర శాతం జనరల్ టాక్స్ వేయాలా అని. రెండూ నెగ్గాయి. ఇది దొడ్డిదారి అని మళ్లీ కోర్టుకెక్కారు. 1998లో అప్పీలు కోర్టు, రెండు ప్రశ్నలూ విడివిడివి, పన్ను డబ్బును ఏ చట్టమూ కట్టేయలేదు కాబట్టి ఇది జనరల్ టాక్సే అని తేల్చింది. ఓటరు చేతనే తన కోరికను ఒక కాగితం మీద, డబ్బును మరో కాగితం మీద రాయించుకోవడం అప్పటి నుంచి చట్టసమ్మతమైంది.

అలాగని కష్టమైన దారిలో ఎవరూ గెలవలేదనుకోకండి. 2000లో, 2016లో రవాణా పన్నులు మూడింట రెండు వంతులు దాటి గెలిచాయి. 2008 నాటి బార్ట్ పన్ను వెంట్రుకవాసిలో గట్టెక్కింది. 2020 జూన్‌లో బెర్రియెస్సా స్టేషన్‌లో మొదటి బార్ట్ రైలు ఆగిందంటే, వెనుక ఆ ఓట్లు ఉన్నాయి. గడువు విషయంలో మాత్రం జాగ్రత్తగా చూడాలి. 2012లో పదేళ్లకని వేసిన 0.125 శాతం పన్నును, గడువు తీరకముందే 2018లో గడువు లేకుండా కొనసాగించడానికి ఓటర్లు ఒప్పుకున్నారు. ‘అయిదేళ్లే’ అన్నప్పుడు విమర్శకులు ఈ ఉదాహరణే ఎత్తి చూపారు, అది కాదనలేని ఉదాహరణ. ఓటర్ల అనుమతి లేకుండా పొడిగించలేదన్నదీ అంతే నిజం.

2025లో కౌంటీ చెప్పిన లెక్క

2025 జూలై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన హెచ్‌ఆర్ 1 చట్టం పేదల వైద్యబీమా అయిన మెడికెయిడ్‌కు కేంద్రం ఇచ్చే డబ్బును భారీగా తగ్గించింది. కాలిఫోర్నియాలో దీన్ని మెడి-కాల్ అంటారు. పని చేస్తున్నట్టు రుజువు చూపాలనే షరతు 2027 నుంచి వస్తుంది, ఆసుపత్రులకు అందే కొన్ని చెల్లింపులు ఏటేటా తగ్గుతూ పోతాయి. శాంటా క్లారాకు ఈ దెబ్బ గట్టిగా తగలడానికి కారణం, ఆసుపత్రులు నడిపేది కౌంటీయే కావడం. వ్యాలీ మెడికల్ సెంటర్ ముందు నుంచీ ఉంది. దివాలా తీసిన ప్రైవేటు సంస్థ నుంచి 2019లో ఓకానర్, సెయింట్ లూయిస్ ఆసుపత్రులను కొన్నారు. 2025 ఏప్రిల్‌లో తూర్పు శాన్ హోజేలోని రీజనల్ మెడికల్ సెంటర్‌నూ తీసుకున్నారు. మొత్తం నాలుగు.

కోతలన్నీ అమల్లోకి వచ్చాక ఏటా 100 కోట్ల డాలర్లకు పైగా పోతుందని కౌంటీ లెక్క. మెజర్ ఏ తెచ్చేది ఏటా సుమారు 33 కోట్లు. అంటే పన్ను నెగ్గినా గండిలో మూడో వంతే పూడుతుంది. మిగతాది ఉద్యోగాలు, సేవల్లో కోతలతో సర్దుకోవాల్సిందే. ఈ మాట ప్రచారంలో ఇరుపక్షాలకూ అంతగా అక్కరకు రాలేదు గానీ, నన్నడిగితే ఓటరు మొట్టమొదట తెలుసుకోవాల్సింది ఇదే.

మాకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది, మెడి-కాల్‌తో మాకేంటి అని టెక్ ఉద్యోగి అనుకోవడం సహజం. హైవే మీద కారు బోల్తా పడితే అంబులెన్స్ వెళ్లేది ట్రామా సెంటర్‌కు. దీపావళి బాణసంచాతో చెయ్యి కాలితే వెళ్లాల్సింది బర్న్ సెంటర్‌కు. వ్యాలీ మెడికల్ సెంటర్‌లో ఆ రెండూ ఉన్నాయి. అక్కడ బీమా కార్డు రంగును బట్టి వేరే మంచాలు ఉండవు. సమర్థకుల వాదనలో నాకు బలంగా తోచిన భాగం ఇది. ఎప్పుడో వచ్చే కోతకు ఇప్పుడే పన్నా, ముందు ఖర్చులు తగ్గించి చూపించరాదా అన్నది ఎదుటిపక్షం అడిగిన ప్రశ్న. ఆ ప్రశ్నకూ విలువ ఉంది.

ఎన్నిక తేదీ వెనుక కూడా ఒక నియమం ఉంది. జనరల్ టాక్స్ ప్రశ్నను మామూలుగా ఆ బోర్డు సభ్యులు పోటీ చేసే సాధారణ ఎన్నికలోనే పెట్టాలి. పన్ను అడిగినవాళ్లను అదే రోజు జనం తూకం వేయగలగాలన్నది ఉద్దేశం. ఆర్థిక అత్యవసర పరిస్థితి అని బోర్డు ఏకగ్రీవంగా తీర్మానిస్తేనే ముందుగా పెట్టవచ్చు. 2025 ఆగస్టులో అయిదుగురు సూపర్‌వైజర్లూ అలాగే తీర్మానించారు. ఒక్కరు కాదన్నా ప్రశ్న 2026 దాకా ఆగేది.

సమాచారం ఎక్కడ ముగుస్తుంది, ప్రచారం ఎక్కడ మొదలవుతుంది

ఇక మొదటి సందేహం. పన్నుకు మద్దతుగా స్థానిక ప్రభుత్వం ఎంత దూరం వెళ్లవచ్చు? కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1976లో స్టాన్సన్ కేసులో గీత గీసింది. రాష్ట్ర పార్కుల శాఖ తన పార్కుల కోసం అడిగిన 1974 బాండ్లను గెలిపించడానికి ప్రజల డబ్బు ఖర్చు చేసిందని ఒక పన్ను చెల్లింపుదారు వేసిన దావా అది. ‘వద్దు’ అనబోయేవాడి పన్నుతోనే ‘అవును’ అని ప్రచారం చేయడం ఎన్నికను వంచడమే, అందుకు చట్టం స్పష్టంగా అనుమతిస్తే తప్ప కుదరదు అని కోర్టు చెప్పింది. ఉన్నది ఉన్నట్టు సమాచారం ఇవ్వడానికి మాత్రం అడ్డు లేదంది.

మూడు వాక్యాలు ఊహించుకుందాం. ‘ఈ పన్ను ఏటా 33 కోట్ల డాలర్లు తెస్తుందని అంచనా’ అని కౌంటీ ఖర్చుతో అచ్చు వేయవచ్చు. ‘మన ఆసుపత్రులను కాపాడుకుందాం, అవును అని ఓటేయండి’ అని కౌంటీ ఖర్చుతో వేయకూడదు. ‘పన్ను రాకపోతే ఫలానా సేవలు ఆగిపోతాయి’ అంటే? చదివేవాడికి ఇది ప్రచారంలాగే వినిపిస్తుంది. 2009లో సలీనాస్ నగరం కేసులో సరిగ్గా ఇదే ప్రశ్న వచ్చింది. పన్ను రద్దయితే ఏయే సేవలు ఆపేస్తామో కౌన్సిల్ ముందే తీర్మానించి, ఆ జాబితాను నగర వార్తాపత్రికలో, వెబ్‌సైట్‌లో పెట్టింది. అది సమాచారమేనని సుప్రీంకోర్టు సమర్థించింది. రాసిన తీరు, స్వరం, సమయం కలిపి చూడాలంది.

కాబట్టి బోర్డు బహిరంగ సమావేశంలో మద్దతు తీర్మానం చేయవచ్చు. సూపర్‌వైజర్ తన అభిప్రాయం ఎక్కడైనా చెప్పవచ్చు. నర్సు డ్యూటీ దిగాక, సొంత సమయంలో ఇల్లిల్లూ తిరగవచ్చు. ‘అవును’ బోర్డులు, టీవీ ప్రకటనలు మాత్రం చందాలతో నడిచే విడి కమిటీ వేసుకోవాలి. అయినా అసమానత పూర్తిగా పోదు. ప్రశ్నను వాక్యంగా కూర్చేది కౌంటీయే. దానికి బదులుగా చట్టం కొన్ని కళ్లాలు వేసింది. బ్యాలెట్ ప్రశ్న 75 పదాలు మించకూడదు, అందులో రేటు, కాలవ్యవధి, ఏడాదికి వచ్చే మొత్తం ఉండి తీరాలి. ఓటర్ గైడ్‌లో అనుకూల, ప్రతికూల వాదనలకు సమానంగా చోటివ్వాలి. ప్రతికూల వాదనను చదవకుండా ఓటేసేవాళ్లే ఎక్కువ అన్నది నా అనుభవం. పేజీ తిప్పితే ఉంటుంది అది.

భారం ఎవరిది, ఓటు ఎవరిది

సేల్స్ టాక్స్ మీద అన్నిటికన్నా పాత విమర్శ, అది పేదవాడి మీద ఎక్కువ పడుతుందన్నది. ఊహకు రెండు కుటుంబాలు తీసుకుందాం. ఏడాదికి 60,000 డాలర్ల ఆదాయమున్న ఇంట్లో పన్ను పడే కొనుగోళ్లు 18,000 అయితే, మెజర్ ఏ వాటా 112.50 డాలర్లు, ఆదాయంలో 0.19 శాతం. మూడు లక్షల ఆదాయమున్న ఇంట్లో అలాంటి కొనుగోళ్లు 50,000 అయితే, 312.50 డాలర్లు, ఆదాయంలో 0.10 శాతం. ఎక్కువ కట్టింది రెండో ఇల్లు, ఎక్కువ మోసింది మొదటి ఇల్లు. తిండి సరుకులకు, అద్దెకు మినహాయింపు లేకపోతే ఈ తేడా ఇంకా పెరిగేది. ఆ డబ్బుతో నిలబడే ఆసుపత్రిని ఎక్కువగా వాడుకునేదీ మొదటి ఇల్లేనని సమర్థకులు గుర్తుచేస్తారు. రెండు మాటలూ ఒకేసారి నిజం కావడమే ఈ పన్నులోని చిక్కు.

జనం పక్క కౌంటీకి పోయి కొంటారన్న భయం ఇక్కడ అంతగా నిలవదు. ఈ కౌంటీలోని మిల్పిటాస్ 10 శాతానికి వచ్చాక కూడా, హైవే ఎక్కితే పది నిమిషాల్లో వచ్చే పక్క కౌంటీ ఊరు ఫ్రీమాంట్‌లో అప్పటికే 10.25 ఉంది.

మన తెలుగువాళ్ల విషయానికొస్తే మరో కోణం ఉంది. పన్ను అందరూ కడతారు, ఓటు పౌరులకే. హెచ్-1బి మీద వచ్చి పదిహేనేళ్లుగా గ్రీన్ కార్డు వరుసలో ఉన్న ఇంజనీరు, గ్రీన్ కార్డు వచ్చినా పౌరసత్వం తీసుకోని అత్తగారు, చదువుకునే విద్యార్థి కుక్కర్ కొన్న ప్రతిసారీ ఈ 0.625 కడుతున్నారు. 2025 నవంబర్‌లో వాళ్లలో ఎవరికీ బ్యాలెట్ రాలేదు. ఓటర్లు తమ మీద తామే వేసుకున్నారని పైన రాశాను. ఆ ‘తాము’లో వీళ్లు లేరు.

మళ్లీ ఇలాంటి ప్రశ్నకు దారి కూడా పడింది. బే ఏరియా రైళ్లు, బస్సుల కోసం 2025 అక్టోబర్‌లో గవర్నర్ సంతకం చేసిన ఎస్‌బీ 63 అనే రాష్ట్ర చట్టం, శాంటా క్లారా సహా నాలుగు కౌంటీల్లో అర శాతం, శాన్ ఫ్రాన్సిస్కోలో 1 శాతం పన్నును 2026 నవంబర్‌లో ఓటర్ల ముందు పెట్టేందుకు వీలు కల్పించింది, 14 ఏళ్లకు. ఇక్కడ గెలుపు గీత ఎవరు తెచ్చారన్నదాన్ని బట్టి మారుతుంది. ప్రభుత్వ సంస్థే బ్యాలెట్‌లో పెడితే మూడింట రెండు వంతులు కావాలి. పౌరులు సంతకాలు సేకరించి తెస్తే సగానికి పైగా చాలు. 2017 నాటి అప్‌ల్యాండ్ తీర్పు, దాన్ని అనుసరించిన అప్పీలు కోర్టుల తీర్పులు తెరిచిన దారి అది.

మెజర్ ఏ డబ్బు ఎటు పోతోందో కనిపించే చోటు ఒకటుంది. కౌంటీ బడ్జెట్‌పై శాన్ హోజేలో సూపర్‌వైజర్లు జరిపే బహిరంగ విచారణలు. ఎవరైనా చీటీ రాసిచ్చి మైకు ముందు నిలబడి మాట్లాడవచ్చు. అక్కడ పౌరసత్వం అడగరు.